పదకొండేళ్లు పోటీల్లో ఈదాను. ఇప్పుడు టీవీ యాంకర్‌గా వెళ్లడం సరైన నిర్ణయమేనా?

పెన్నా ఒడ్డు, నెల్లూరు

అందరికీ నమస్కారం. నాది నెల్లూరు, వయసు 23. పదకొండో ఏట మొదలుపెట్టి పదకొండేళ్లపాటు పోటీల్లో ఈదాను. నా విభాగం 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్, అంటే కప్పలా కాళ్లు విసిరి ఈదేది. రాష్ట్ర స్థాయిలో కొన్ని పతకాలు వచ్చాయి, విశ్వవిద్యాలయం తరఫున రెండుసార్లు జాతీయ పోటీలకు వెళ్లాను. అంతకు మించి చెప్పుకోదగ్గ ఘనత ఏదీ లేదు. ఈ స్ట్రోక్ ఈదేవాళ్లకు కాలు విసిరే తీరు వల్ల మోకాలి లోపలి వైపు నొప్పి రావడం మామూలే. నాకది ముదిరి మెట్లు దిగడం కూడా కష్టమయ్యే దాకా వచ్చింది. అందుకే నిరుడు పోటీలు మానేశాను.

టీవీ సంగతి అనుకోకుండా మొదలైంది. ఆ తర్వాత కొద్ది రోజులకే జరిగిన జిల్లా పోటీలకు ప్రతి ఏటా మైకు పట్టుకొనే మాస్టారు రాలేదు. అక్కడ ఖాళీగా కూర్చున్నదాన్ని నేనే కాబట్టి మైకు నా చేతికిచ్చారు. పేర్లు, లేన్లు చదవడం వరకు బాగానే సాగింది. తీరా విజిల్ పడి పిల్లలు నీళ్లలోకి దూకగానే నా గొంతు ఆగిపోయింది. ఎందుకో నాకే అర్థం కాలేదు. వాళ్లు తలలు పైకెత్తిన తర్వాతగానీ మళ్లీ మాట రాలేదు. వైరు ఊడిందేమోనని కేబుల్ ఛానల్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి ప్లగ్గు కదిలించి చూశాడు. తర్వాత తెలిసిందేమిటంటే, వాళ్లతోపాటు నేను కూడా ఊపిరి బిగబట్టాను. అలవాటు అలాంటిది. అయినా ఆ కేబుల్ ఛానల్ వారికి నా మాట నచ్చి, వారానికి ఒకసారి ఇరవై నిమిషాల ఆటల కార్యక్రమం అప్పగించారు. నాలుగు నెలలుగా చేస్తున్నాను.

ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక శాటిలైట్ ఛానల్ నుంచి స్క్రీన్ టెస్టుకు రమ్మని పిలుపు వచ్చింది. ఎంపికైతే మూడు నెలలు శిక్షణ, ఆ తర్వాత స్పోర్ట్స్ డెస్కులో యాంకర్‌గా తీసుకుంటామన్నారు. అమ్మకు ఇది ఇష్టం లేదు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగానికి ప్రయత్నించమంటోంది. నా సందేహాలు మాత్రం వేరు. ఇన్నేళ్ల ఈతలో ఆ వృత్తికి పనికొచ్చేది నిజంగా ఏమైనా ఉందా, లేక పతకం చూపించి లోపలికి వెళ్లాక అది అక్కడితో సరా? మా ఇంట్లో అందరం ‘వస్తుండాడు’, ‘యాడికి పోతుండావు’ అనే మాట్లాడుకుంటాం. ఈ యాసతో హైదరాబాద్ స్టూడియోలో నెగ్గుకురాగలనా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

రంగరాయుడు చెరువు గట్టు, ఒంగోలు

అమ్మా, నా మనవరాలి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మొదట రేడియోలో, ఆ తర్వాత టీవీలో కలిపి ముప్పై ఏళ్లు వార్తలు చదివి విశ్రాంతి తీసుకుంటున్నాను. నువ్వు ఊపిరి బిగబట్టిన సంగతి చదివి చాలాసేపు నవ్వుకున్నాను, ఆ తర్వాత ఆలోచించాను. నీ ప్రశ్నకు జవాబు సగం అందులోనే ఉంది.

ఈతలో మీరు నోరు తెరిచి ఒక్క గుక్కలో గాలి తీసుకొని, తల నీళ్లలో ఉన్నంతసేపు దానిని కొంచెం కొంచెంగా వదులుతారు. మాట కూడా వదిలే గాలి మీదనే నడుస్తుంది. గాలిని పొదుపుగా వదలడం కొత్తగా చేరిన వాళ్లకు నేర్పడానికి మాకు నెలలు పట్టేది, నీకది ముందే వచ్చు. చిక్కంతా పీల్చుకోవడంలో ఉంది. నోటితో గబుక్కున పీల్చే గాలికి చప్పుడుంటుంది. కొలను దగ్గర దానిని ఎవరూ పట్టించుకోరు. ఛాతీ మీద తగిలించిన చిన్న మైకు మాత్రం దానిని పట్టుకుపోయి ఇంటింటా వినిపిస్తుంది. వాక్యానికొకసారి యాంకర్ ఎగశ్వాస వింటూ కూర్చోవడం శ్రోతకు ఎంత ఇబ్బందో నీ పాత రికార్డింగు ఒకటి కళ్లు మూసుకొని విను, తెలుస్తుంది. వాక్యం ముగిసిన చోట పెదవులు కలిపి ముక్కుతో, పొట్ట నిండేలా పీల్చుకోవడం అలవాటు చేసుకో. భుజాలు పైకి లేస్తున్నాయంటే గాలి పైపైనే ఆగిపోతోందని అర్థం.

మేము కాగితం మీద గీతలు పెట్టుకొనేవాళ్లం. అర విరామానికి ఒక గీత, పూర్తి విరామానికి రెండు. ఉదాహరణకు: ‘సోమశిల జలాశయం నుంచి పెన్నా నదిలోకి / నీటి విడుదలను అధికారులు పెంచడంతో / తీరప్రాంత గ్రామాల ప్రజలు / అప్రమత్తంగా ఉండాలని కోరారు //’. ఒక్క గీత దగ్గర ఆగాలే తప్ప ఊపిరి తీసుకోకూడదు, రెండు గీతల దగ్గర తీసుకోవాలి. ఈ వాక్యాన్ని ఒక్క ఊపిరిలో, చివరి ‘కోరారు’ నీరసించకుండా చదవగలిగితే బులెటిన్‌లో వచ్చే వాక్యాలన్నీ చదవగలవు. రోజూ ఇరవై నిమిషాలు దినపత్రిక పైకి చదువు. మీ ఊరివాడైన తిక్కన గారి ఉద్యోగపర్వం దొరికితే రాయబారపు ఘట్టాలు కూడా పైకి చదువు. ఆయన పద్యంలో మాట్లాడే మనిషి ఎక్కడ ఆగుతాడో అక్కడే ఆగాల్సి వస్తుంది కాబట్టి గొంతుకు అంతకు మించిన సాధన నాకు తెలియదు.

యాస గురించి బెంగ వద్దు. అక్షరాలు మాత్రం శుభ్రంగా ఉండాలి. ళకారం లకారం కాకూడదు, ణకారం నకారం కాకూడదు, శ, ష, స మూడూ మూడుగా వినిపించాలి. ఇవి యాసకు సంబంధించినవి కావు, అశ్రద్ధకు సంబంధించినవి. చదివేది వార్త కాబట్టి ‘వస్తుండాడు’ స్థానంలో ‘వస్తున్నారు’ అంటావు. అది బడిలో వ్యాసం రాసేటప్పుడూ చేసిన పనే. మాట ఎత్తి దించే తీరులో ఉన్న నెల్లూరు రాగాన్ని మాత్రం ఎవరైనా తుడిచెయ్యమంటే వినకు. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయినప్పుడు, ఒక ఛానల్‌లో ఆ ఊరి పేరు అరగంటలో మూడు రకాలుగా పలికారు. అక్కడ చుట్టాలున్న మాకు విషయం తెలియక కంగారు ఒకటి, ఈ చిరాకు ఒకటి. పడుగుపాడును పడుగుపాడు అని పలకగల మనిషి తెర మీద ఉండడం మామూలు సంగతి కాదు.

ఇంకొక్క మాట. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలుపెట్టేనాటికి ముప్పై ఏళ్లుగా గాయకుడు. ఆ కార్యక్రమంలో ఆయన పిల్లవాడు పాడిన చరణంలో ఎక్కడ శ్రుతి జారిందో, సంగతి (పంక్తిని తిప్పి పాడడం) ఎక్కడ కుదరలేదో మనలాంటి పాటరాని వాళ్లకు కూడా అర్థమయ్యేలా చెప్పేవారు. ఆ మాట కోసమే మేము టీవీ ముందు కూర్చునేవాళ్లం. నీళ్ల సంగతి నువ్వు అలా చెప్పగలవా అన్నదే నిన్ను నువ్వు అడగాల్సిన ప్రశ్న.

లేన్ నాలుగు, కావలి

చెల్లెమ్మా, నేను కూడా ఒకప్పుడు ఈదినవాడినే. బెండ్లు కట్టుకొని మోటబావిలో నేర్చుకొని, తర్వాత కొలనులో పోటీలకు దిగినవాణ్ణి. ఇప్పుడు బీమా ఏజెంటుగా పని చేస్తున్నాను. ఈత నుంచి టీవీకి వెళ్లిన వాళ్ల గురించి ఏళ్ల తరబడి ఆసక్తిగా చదువుతున్నాను కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

ఈ దారి కొత్తది కాదు. అమెరికాకు చెందిన డోనా డి వరోనా 13 ఏళ్ల వయసులో 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో చోటు సంపాదించి, 1964 టోక్యోలో 400 మీటర్ల వ్యక్తిగత మెడ్లేలోనూ (నాలుగు రకాల ఈతలూ వరుసగా ఈదేది), 4×100 మీటర్ల ఫ్రీస్టయిల్ రిలేలోనూ స్వర్ణాలు గెలిచారు. ఆ రోజుల్లో అక్కడి కళాశాలల్లో అమ్మాయిలకు క్రీడా ఉపకార వేతనాలు లేకపోవడంతో ఈత కొనసాగించే మార్గం లేక మానేసి, 1965లో ఏబీసీ టీవీలో చేరారు. అమెరికా జాతీయ టీవీలో తొలి మహిళా క్రీడా వ్యాఖ్యాతల్లో ఆమె ఒకరు. రౌడీ గెయిన్స్ 1980లో మాస్కో ఒలింపిక్స్‌ను అమెరికా బహిష్కరించడం వల్ల అవకాశం కోల్పోయి, 1984లో లాస్ ఏంజెలెస్‌లో మూడు స్వర్ణాలు సాధించారు. 1992 బార్సిలోనా నుంచి అక్కడి ఎన్‌బీసీ ఛానల్‌లో ఒలింపిక్ ఈతకు వ్యాఖ్యానం చెబుతున్నారు. బ్రిటన్‌కు చెందిన షారన్ డేవిస్ 1980 మాస్కోలో 400 మీటర్ల మెడ్లేలో రజతం గెలిచి, తర్వాత బీబీసీ తరఫున చాలా ఏళ్లు కొలను గట్టునే నిలబడి, అప్పుడే నీళ్లలోంచి బయటికొచ్చిన వాళ్లతో మాట్లాడారు.

ఆ గట్టు మీది పని చిన్నదిగా కనిపిస్తుంది, నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైనది అదే. 200 మీటర్లు ఈది వచ్చిన మనిషికి మొదటి అర నిమిషం మాట రాదు. ఆ సంగతి తెలియని వాడు మైకు నోటి దగ్గర పెట్టి ‘ఎలా అనిపిస్తోంది’ అని అడుగుతాడు. తెలిసిన వాడు గడియారం వంక చూపించి, ఫలితం తానే చెప్పి, అవతలి వాళ్లు రెండు గుక్కలు గాలి తీసుకొనే వ్యవధి ఇచ్చి, అప్పుడు చిన్న ప్రశ్న వేస్తాడు. నీకు ఇది ఎవరూ నేర్పనక్కరలేదు.

అయితే ఒక తేడా గమనించాలి. వీళ్లందరికీ ఒలింపిక్ పతకాలు ఉన్నాయి, పేరు ముందే తెలుసు. నీకూ నాకూ అది లేదు. పేరు ఒక ఏడాది కుర్చీ ఇస్తుందేమో, ఆ తర్వాత కుర్చీ నిలబెట్టేది విషయం తెలిసి ఉండడమే. 2008 బీజింగ్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్ నీకు గుర్తుండే ఉంటుంది: మైకేల్ ఫెల్ప్స్ 50.58 సెకన్లు, సెర్బియా స్విమ్మర్ మిలొరాడ్ చావిచ్ 50.59. టీవీలో చూసిన వాళ్లలో చాలామందికి చావిచ్చే ముందు గోడకు తగిలినట్టు కనిపించింది. ఆయన చేతులు చాచి గోడ వైపు జారుతూ వచ్చాడు, ఫెల్ప్స్ మాత్రం ఇంకొక అర స్ట్రోక్ వేసి చేతులను బలంగా గోడకు కొట్టాడు. అక్కడ గడియారాన్ని ఆపేది చూపు కాదు, గోడకు అమర్చిన టచ్ ప్యాడ్ మీద పడిన ఒత్తిడి. ఈ రెండు ముక్కలు తేట తెలుగులో చెప్పగల యాంకర్ ఉంటే, ఎన్నడూ కొలను మొహం చూడని మా ఉలవపాడు మేనమామ కూడా లేచి నిలబడి రిప్లే చూస్తాడు.

మన దేశపు ఈత కథలే ఎవరికీ తెలియవు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో సచిన్ నాగ్ 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో స్వర్ణం గెలిచారు. 1986 సియోల్‌లో ఖజాన్ సింగ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైలో రజతం, 2010 గ్వాంగ్‌జౌలో వీర్‌ధవళ్ ఖాడే 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం, 2014 ఇంచియాన్‌లో సందీప్ సేజ్వాల్ నీ స్ట్రోక్‌లోనే, 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాంస్యం తెచ్చారు. 2021లో సజన్ ప్రకాశ్ రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే ‘ఏ’ ప్రమాణం అందుకొన్న మొదటి భారతీయ స్విమ్మర్ అయ్యారు. ఇన్ని ఉన్నా తెలుగులో వీటిని కూర్చొని చెప్పిన కార్యక్రమం నా కంటపడలేదు.

చేదు సంగతి కూడా చెప్పాలి. ఆడవాళ్ల విషయంలో తెర చాలా కఠినమైనది. బ్రిటన్ స్విమ్మర్ రెబెకా ఆడ్లింగ్టన్ 2008 బీజింగ్‌లో రెండు స్వర్ణాలు గెలిచి, 2013లో పోటీల నుంచి తప్పుకొని బీబీసీలో విశ్లేషకురాలయ్యారు. ఆమె రూపం మీద ఎంతమంది ఎన్ని మాటలన్నారో ఆమే కన్నీళ్లతో చెప్పుకొన్నారు. డి వరోనా అంతటి మనిషి కూడా 2000లో ఏబీసీ మీద వయసు, లింగ వివక్ష ఆరోపిస్తూ దావా వేయాల్సి వచ్చింది. నువ్వు వెళ్లవద్దని కాదు, తెలిసి వెళ్లమని.

కందుకూరు నాన్న

నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, చిన్నమ్మాయి ఈదుతుంది. పైన పెద్దలు చెప్పినవన్నీ బాగున్నాయి గాని, ఆ తల్లి ఆందోళనను ఎవరూ పట్టించుకోలేదు. రైల్వే స్పోర్ట్స్ కోటాకు గరిష్ఠ వయసు 25 సంవత్సరాలు. అమ్మాయికి 23 నిండాయి. ఈ రెండేళ్లు టీవీలో గడిపి, అది కుదరక వెనక్కి వస్తే ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. టీవీ ఉద్యోగం ఈ రోజు ఉంటుంది, రేపు ఛానల్ చేతులు మారితే ఉండదు. ముందు ఉద్యోగం, ఆ తర్వాత ఎన్ని మైకులైనా పట్టుకోవచ్చు.

లేన్ నాలుగు, కావలి

కందుకూరు నాన్న గారూ, మీ మాట కాదనను. కాని ఆ కోటాలో రాష్ట్ర పతకాలు సరిపోవు. జాతీయ స్థాయిలో స్థానం అడుగుతారు, అది కూడా ఇటీవలి ఏళ్లలో సాధించినదై ఉండాలి. అన్నిటికీ మించి ట్రయల్స్ ఉంటాయి, వాళ్ల ఎదుట ఈది చూపించాలి. మెట్లు దిగలేని మోకాలితో ఆ అమ్మాయి 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఎలా ఈదుతుందో మీరే చెప్పండి. మూసుకుపోతుందని మనం భయపడుతున్న తలుపు అసలు తెరిచి ఉందా అన్నది ముందు చూసుకోవాలి.

కందుకూరు నాన్న

ట్రయల్స్ సంగతి నాకు తోచలేదు. అయినా హైదరాబాద్‌లో ఉండడం, రాత్రి షిఫ్టులు, వీటి గురించి తెలిసిన వాళ్లెవరైనా చెబితే బాగుంటుంది.

పీసీఆర్ మూల, గూడూరు (ప్రస్తుతం హైదరాబాద్)

నేను పన్నెండేళ్లుగా న్యూస్ ఛానళ్ల కంట్రోల్ రూములో (దానినే పీసీఆర్ అంటాం) పని చేస్తున్నాను. యాంకర్ చెవిలో మాట్లాడే గొంతు నాది. అందుకే అటు వైపు నుంచి చెబుతాను.

స్క్రీన్ టెస్టులో సాధారణంగా ప్రాంప్టర్ (కెమెరా ముందు అక్షరాలు కదిలే తెర) మీద ఒక చిన్న బులెటిన్ చదివిస్తారు, ఏదో ఒక అంశం ఇచ్చి కాగితం లేకుండా ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. మొదటిది సాధనతో వస్తుంది. రెండో దానిలోనే అసలు వడపోత జరుగుతుంది. మధ్యలో ప్రాంప్టర్ ఆగిపోయినట్టు చేసి చూసేవాళ్లు కూడా ఉంటారు, కంగారు పడకండి. నిజం లైవ్‌లో అది వారానికోసారైనా ఆగుతుంది.

కొత్తవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది చెవిలోని ఇయర్‌పీస్. మీరు ఒక వాక్యం చెబుతూ ఉంటారు, అదే సమయంలో నేను ‘ఫోన్‌లైన్ రెడీ, తర్వాత నెల్లూరు రిపోర్టర్, విజువల్ మారుస్తున్నాం, ఇరవై సెకన్లు’ అంటూ ఉంటాను. చాలామంది నా మాట వినగానే తమ మాట ఆపేస్తారు, లేదా నేను చెప్పిందే పైకి అనేస్తారు. ఒకసారి ఒక కుర్రాడు ‘బ్రేక్‌కు వెళ్లిపో నాయనా’ అని నేను అన్నది అలాగే ప్రేక్షకులకు చెప్పేశాడు. మీ విషయంలో నాకొక ఆశ ఉంది. మా తమ్ముడు ఈదే రోజుల్లో చూశాను: బ్రెస్ట్‌స్ట్రోక్‌లో తల పైకి వచ్చిన ప్రతిసారీ గట్టు మీద కోచ్ ఒక ఈలో కేకో వేస్తాడు, తల లోపలికి వెళ్లేలోగా వినాలి, విన్నా స్ట్రోక్ తప్పకూడదు. వినడం ఒకవైపు, చేసే పని ఒకవైపు నడవాలి. పదకొండేళ్లు మీరు చేసింది అదే. మా శిక్షణలో నెల రోజులు తలలు బద్దలు కొట్టుకొనేది కూడా అందుకే.

రెండోది కాలం. మీరు గోడ మీది గడియారంలో ఎర్ర ముల్లు చూస్తూ వంద మీటర్లు మళ్లీ మళ్లీ ఈదినవాళ్లు. ఒక సెకను ఎంతుంటుందో మీ ఒంటికి తెలుసు. యాంకర్‌కు ‘పది’ అని చెబితే పది సెకన్లలో వాక్యం ముగించి నమస్కారం పెట్టి కెమెరా వంక చూడాలి. ఆరు సెకన్లకే ముగించి బిక్కమొహం వేసేవాళ్లు, పదమూడు దాటినా ‘అంతేకాదు’ అంటూ కొత్త వాక్యం ఎత్తుకొనేవాళ్లు నాకు రోజూ తగులుతారు.

ఇక లేన్ నాలుగు అన్న రాసినదానికి ఒక చిన్న సవరణ. తెలుగు స్పోర్ట్స్ డెస్కులో ఈత గురించి చెప్పే అవకాశం ఏడాదిలో ఎన్ని రోజులు వస్తుందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగతా రోజులన్నీ క్రికెట్, ఆ తర్వాత కబడ్డీ, బ్యాడ్మింటన్. ఈత తెలిసిన యాంకర్ కావాలని ఎవరూ మిమ్మల్ని తీసుకోరు. ఒక ఆటను లోపలి నుంచి చూసిన మనిషి వేరే ఆటను కూడా అలాగే చూడగలదని తీసుకుంటారు. కాబట్టి క్రికెట్ ఫీల్డింగ్ స్థానాలన్నీ, కబడ్డీలో బోనస్ గీత, సూపర్ టాకిల్ నియమాలన్నీ కూర్చొని చదవండి. స్క్రిప్టు రాయడం నేర్చుకోండి, అది మరీ ముఖ్యం. ఇచ్చింది చదివే యాంకర్‌ను మార్చడం తేలిక, తన బులెటిన్ తానే రాసుకొనే మనిషిని ఎవరూ వదులుకోరు. ఆస్ట్రేలియా స్విమ్మర్ జియాన్ రూనీ 2001లో 200 మీటర్ల ఫ్రీస్టయిల్ ప్రపంచ ఛాంపియన్, 2004 ఏథెన్స్‌లో మెడ్లే రిలే స్వర్ణం కూడా ఉంది. ఆమె తర్వాత మెల్‌బోర్న్‌లో ఒక ఛానల్‌లో వాతావరణ వార్తలు చెప్పారు. నెల్లూరు తీరం పిల్లకు వాయుగుండం గురించి చెప్పడం చేతకాదా?

యాస విషయంలో ఒంగోలు అమ్మగారితో నాకు కొంచెం భేదాభిప్రాయం ఉంది. బులెటిన్ వరకు ఆమె చెప్పిందే సరి. బయటికి వెళ్లి మైకు పట్టుకొన్నప్పుడు మాత్రం మైపాడు జాలరితో ‘మీరు ఎక్కడికి వెళ్తున్నారు’ అంటే ఆయన బిగుసుకుపోతాడు, ‘యాడికి పోతుండారు’ అంటే కథంతా చెబుతాడు. మా డెస్కు పెద్దలకు ఇది ఇంకా అర్థం కాలేదు, అది వేరే సంగతి.

కందుకూరు నాన్న గారు అడిగిన వాటికి: షిఫ్టు తెల్లవారుజామున మొదలు కావచ్చు, అర్ధరాత్రి ముగియవచ్చు. రాత్రి వేళ ఆడవాళ్లను ఇంటి దగ్గర దింపే కారు సంస్థ ఇస్తుందా, శిక్షణ కాలంలో జీతం ఎంత, మూడు నెలల తర్వాత ఏ ఉద్యోగం, మధ్యలో మానేస్తే డబ్బు కట్టాలనే బాండు ఏమైనా ఉందా, ఇవన్నీ కాగితం మీద అడగండి. నోటిమాటగా చెప్పినవి మూడు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండవు. నేను మొదట చేరిన చోట అలాగే ఏడాదిన్నర శిక్షణలోనే ఉండిపోయాను.

పెన్నా ఒడ్డు, నెల్లూరు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి, నిన్ననే హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చాను.

అమ్మమ్మ గారూ, మీరు చెప్పినట్టు నా పాత రికార్డింగు కళ్లు మూసుకొని విన్నాను. నా మాట కంటే నా ఊపిరే ఎక్కువగా వినిపించింది. మూడు వారాలు గీతలు పెట్టుకొని చదివాను. తిక్కన గారి పద్యాలు మా నాన్నగారి పుస్తకాల్లో దొరికాయి, సగం అర్థం కాకపోయినా పైకి చదువుతుంటే ఆయనే పక్క గదిలోంచి ‘అక్కడ ఆగకూడదు’ అని కేకేసేవారు. టెస్టులో మూడు చోట్ల మాత్రం నోటితో పీల్చాను. వాళ్లు వెనక్కి తిప్పి వినిపించినప్పుడు నాకే ముందు తెలిసింది.

ప్రాంప్టర్ నిజంగానే ఆగింది. ఆపారో, ఆగిందో తెలియదు. కాగితం మీద చూసిన వాక్యం గుర్తున్నంత వరకు చెప్పి, మిగతాది నా మాటల్లో ముగించాను. సొంతంగా మాట్లాడమన్నప్పుడు ‘మీకు నచ్చిన ఆటగాడు’ అన్నారు. సందీప్ సేజ్వాల్ పేరు చెప్పగానే ముగ్గురిలో ఒకరు ‘ఎవరు?’ అన్నారు. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రెండు చేతులూ ఒకేసారి గోడకు తగలకపోతే అనర్హులను చేస్తారని, 50 మీటర్లలో ఆ చివరి స్ట్రోక్ లెక్క కుదరకపోతే అంతా పోయినట్టేనని, బల్లనే గోడ అనుకొని చేతులతో చూపించాను. చెవిలో ‘పది’ అని వినిపించింది. ముగించేసరికి ‘ఒకటి’ అంటున్నారు.

తీసుకుంటామన్నారు. పీసీఆర్ అన్న చెప్పినవన్నీ అడిగాను. కారు ఉందన్నారు, బాండు ఏడాదికి అన్నారు, జీతం సంగతి లేఖలో రాసి పంపుతామన్నారు. ఆ లేఖ వచ్చేదాకా కేబుల్ కార్యక్రమం మానను. అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గాని, రైల్వే ప్రకటనలో ట్రయల్స్ అని రాసి ఉన్న పంక్తిని తనే చదివి కాగితం మడిచి లోపల పెట్టింది.

ఒక చిన్న సమస్య మిగిలింది. టెస్టు రోజు అక్కడి వార్డ్‌రోబ్‌లో ఉన్న బ్లేజర్లు ఒక్కటి కూడా నా భుజాలకు పట్టలేదు. నడుముకు సరిపోయినవి భుజాల దగ్గర బిగిశాయి, భుజాలకు పట్టినవి సంచిలా వేలాడాయి. చివరికి వెనక నాలుగు క్లిప్పులు పెట్టి నిలబెట్టారు. సొంతంగా రెండు కుట్టించుకొని రమ్మన్నారు.

కందుకూరు నాన్న

మా పెద్దమ్మాయి పెళ్లికి నెల్లూరు చిన్నబజారులోనే మా అల్లుడికి కోటు కుట్టించాను, చేతి పని బాగుంది. అమ్మాయి వాళ్ల అమ్మగారిని వెంటబెట్టుకొని వెళ్లమనండి. భుజాల కొలత చేతులు ముందుకు చాచి తీయించుకోమని చెప్పండి, లేకపోతే ఆ బల్ల మీద చూపించిన స్ట్రోక్‌కు వీపు కుట్టు విడిపోతుంది.